తిరగరాసిన నోటు

మదరసాలో పిల్లలకు వడ్డీ లెక్కలు చెప్పడమేమిటని కొందరు తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. వారి ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు. వడ్డీ తినేవానినీ, తినిపించేవానినీ, ఆ వ్యవహారాన్ని రాసేవానినీ, దానికి సాక్షులుగా నిలిచే ఇద్దరినీ దైవప్రవక్త (స) శపించారని సహీహ్ ముస్లింలో హదీసు ఉంది. రాసేవాడు కూడా ఆ పాపంలో భాగస్వామి అయినప్పుడు, నల్లబల్ల మీద ఆ లెక్క రాసే ఉస్తాదు సంగతేమిటన్నది వారి సందేహం.

హదీసులో చెప్పబడిన లేఖకుడు ఒప్పందం రాసేవాడు. అతని కలం వల్ల ఒక మనిషి మీద బాకీ పడుతుంది. తరగతి గదిలో వేసే లెక్క వల్ల ఎవరిమీదా బాకీ పడదు. పైగా లెక్క తెలిసినవాడు రేపు ఆ కాగితం ముందు కూర్చోవలసివస్తే అక్కడ ఏం జరుగుతున్నదో చూడగలుగుతాడు. మన మొహల్లాలలో ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసేవారిలో, 'రెండు రూపాయల వడ్డీ' అంటే నెలకు నూటికి 2 రూపాయలని, ఏడాదికి నూటికి 24 అని నిలబడి చెప్పగలిగేవారు ఎందరు? వారసత్వ వాటాలు పంచడానికి భిన్నాలు నేర్పుతున్నాము. బాకీ ఎలా పెరుగుతుందో నేర్పడం కూడా ఆ కోవలోనిదే.

సరే, పాఠంలోకి వెళదాము. ఏదైనా ఒక మొత్తం పెరగడానికి సామాన్యంగా రెండు దారులు కనిపిస్తాయి. ప్రతి ఏడూ అంతే మొత్తం వచ్చి కలవడం ఒకటి. ప్రతి ఏడూ ఉన్నదంతా అన్నే రెట్లు కావడం రెండవది. మొదటిది కూడిక, రెండవది గుణకారం. పాఠ్యపుస్తకాలు మొదటిదానిని రేఖీయ వృద్ధి అనీ, రెండవదానిని ఘాతీయ వృద్ధి అనీ అంటాయి. మన పెద్దలు ఈ పేర్లు వినలేదు గాని బారువడ్డీ, చక్రవడ్డీ అన్న మాటలలో ఈ రెండింటినీ ఎప్పుడో వేరుచేసి పెట్టుకున్నారు.

పిల్లలకు నేను 10,000 రూపాయల అసలు, 2 రూపాయల వడ్డీ తీసుకుంటాను. బారువడ్డీలో ఏటా 2,400 చేరుతుంది. మొదటి ఏడాది చివర 12,400, రెండవ ఏడాదికి 14,800, మూడవ ఏడాదికి 17,200. చక్రవడ్డీలోనూ మొదటి ఏడాది 12,400 రూపాయలే. ఇక్కడ ఆగి, "తేడా ఏముంది?" అని అడుగుతాను. ఏమీ లేదంటారు. నిజమే, ఏమీ లేదు. రెండవ ఏడాది చక్రవడ్డీలో 15,376 వస్తుంది. అంటే 576 ఎక్కువ. ఈ 576 ఎక్కడి నుండి వచ్చిందో పిల్లలచేతనే వెతికిస్తాను. మొదటి ఏడాది వడ్డీ అయిన 2,400 మీద నూటికి 24 చొప్పున కడితే సరిగ్గా 576. ఎవరూ ఎవరికీ అప్పు ఇవ్వని 2,400 రూపాయలు అసలులో కలిసి, తనకూ వడ్డీ కావాలని కూర్చున్నాయన్నమాట. మూడవ ఏడాదికి 19,066. అప్పటికి తేడా 1,866. ఒక రిక్షా కార్మికుడు గాని, బీడీలు చుట్టే తల్లి గాని ఈ తేడా గమనించేంత పెద్దదిగా ఇంకా కనిపించదు.

ఈ దశలో లెక్క కట్టనివ్వకుండా, పదేళ్ళకు ఎంతవుతుందో ఊహించి చెప్పమంటాను. బారువడ్డీకి దాదాపు అందరూ సరిగానే చెబుతారు, 34,000. చక్రవడ్డీకి 40 వేలనీ 45 వేలనీ అంటారు. వచ్చేది 85,944. ఇరవై ఏళ్ళకు అడిగితే లక్ష దాటవచ్చునేమోనంటారు. వచ్చేది 7,38,641. బారువడ్డీలో అదే ఇరవై ఏళ్ళకు 58,000. పిల్లల తెలివిలో లోపమేమీ లేదు. మనిషి మనస్సు సహజంగా కూడికతో ఊహిస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఎంత జరిగిందో రేపూ అంతే జరుగుతుందనుకుంటుంది.

గళ్ళ కాగితం మీద గీయిస్తే ఇది ఇంకా బాగా పడుతుంది. నిలువున ఒక సెంటీమీటరుకు 2,000 రూపాయలని పెట్టుకుంటాము. బారువడ్డీ చుక్కలన్నీ స్కేలుకు ఆనుకొని ఒకే గీత మీద నిలబడతాయి. ఇరవై ఏళ్ళకు 29 సెంటీమీటర్ల ఎత్తు, నిలువు కాగితం మీద సరిపోతుంది. చక్రవడ్డీ చుక్కలకు స్కేలు పనికిరాదు. రెండు చుక్కలకు ఆనించి పెడితే మూడవది దానికి పైన కనిపిస్తుంది. పదవ ఏడాదికే కాగితం చాలదు. ఇరవయ్యవ ఏడాది చుక్క పెట్టాలంటే 3 మీటర్ల 69 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. మా గది కప్పు అంత ఎత్తున లేదు. కాగితం చివరనుండి గోడ మీదుగా కప్పు వైపు చూసిన పిల్లవాడికి ఘాతీయ వృద్ధి అంటే ఏమిటో మళ్ళీ చెప్పనక్కరలేదు.

తేడాను మరోలా కూడా చెప్పవచ్చు. సొమ్ము రెట్టింపు కావడానికి ఎంతకాలం పడుతుందో చూడండి. ఇదే వడ్డీకి బారువడ్డీలో మొదటిసారి రెట్టింపు కావడానికి 4 సంవత్సరాల 2 నెలలు పడుతుంది. రెండవసారి రెట్టింపు కావడానికి దానికి రెండింతల కాలం, మూడవసారికి నాలుగింతల కాలం. అంటే నెమ్మదిస్తూ పోతుంది. చక్రవడ్డీలో ప్రతి రెట్టింపుకూ ఒకే కాలం, సుమారు 3 సంవత్సరాల 3 నెలలు. అది అలసిపోదు. వడ్డీ శాతంతో 72ను భాగిస్తే రెట్టింపయ్యే కాలం ఉజ్జాయింపుగా వస్తుందని లెక్కల పుస్తకాలలో ఒక కిటుకు ఉంది. నూటికి 12 అయితే 6 ఏళ్ళు, 24 అయితే 3 ఏళ్ళు. శాతం పెరిగేకొద్దీ గురి కొంత తప్పుతుంది గాని నోటిలెక్కకు అది చాలు.

పెద్ద సంఖ్యలు చూసి పిల్లలు నమ్మకపోతే వారిని కోప్పడకూడదు. డమస్కస్‌లో ఖాజీగా పనిచేసిన ఇబ్నె ఖల్లికాన్ (రహ్మ) వంటి విద్వాంసుడు కూడా మొదట నమ్మలేదు. 1282లో మరణించిన ఈ చరిత్రకారుడు తన 'వఫయాతుల్ అఅయాన్'లో, చదరంగంలో పేరుమోసిన అస్సూలీ జీవితం రాస్తూ ఆ ప్రసిద్ధమైన కథను ప్రస్తావించారు. చదరంగాన్ని కనిపెట్టిన హిందూదేశపు పండితుడు, తనకు బహుమానంగా మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా 64 గడులకూ కావాలని రాజును అడిగిన కథ అది. రాజు దానిని చిన్న కోరిక అనుకున్నాడు. అంత ధాన్యం ఎక్కడా ఉండదని గణకులు తేల్చారు. ఇది సంభవమా అని ఇబ్నె ఖల్లికాన్ అనుమానపడ్డారు. అలెగ్జాండ్రియాలో ఒక లెక్కల అధికారి ఆయనకు కాగితం మీద చూపించాడు.

ఆ అధికారి చూపిన పద్ధతి ఉపాధ్యాయులందరూ నేర్చుకోదగినది. ఇరవై అంకెల సంఖ్యను ఆయన ఒక్కసారిగా ముందు పెట్టలేదు. గింజలను పదహారవ గడి వరకు రెట్టింపు చేశాడు. 32,768 వచ్చింది. ఇన్ని గింజలు ఒక కొలపాత్రకు సరిపోతాయన్నాడు. అక్కడినుండి గింజలు లెక్కించడం మాని పాత్రలు లెక్కించాడు. పాత్రలు ఎక్కువై పెద్ద కొలతలోకి మారాడు. నలభైయవ గడికి వచ్చేసరికి ఆ ధాన్యాన్ని ఒక గాదె అన్నాడు. ఏభయ్యవ గడికి 1,024 గాదెలయ్యాయి, వాటిని ఒక నగరం అన్నాడు. అరవై నాలుగవ గడిలో 16,384 నగరాలు వచ్చాయి. ఇన్ని నగరాలు భూమి మీద ఎక్కడున్నాయన్నది ఇక వేరే అడగనక్కరలేదు. గింజ నుండి గాదెకు, గాదె నుండి నగరానికి కొలత మారుస్తూ పోయాడు గనుకనే ఖాజీగారి మనస్సుకు అది అందింది. నేను కూడా వేలు దాటగానే బియ్యం బస్తాలలోకి, బస్తాలు దాటగానే లారీలలోకి మారతాను.

ఇక మన గ్రంథాలలోనే ఉన్న మరొక పాఠం. దానిని చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది. దివ్య ఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా 130వ ఆయతులో, రెట్లకు రెట్లుగా పెరిగే వడ్డీని తినవద్దని అల్లాహ్ విశ్వాసులను వారించాడు. ఆ ఆయతు వ్యాఖ్యానంలో ఇమామ్ తబరీ (రహ్మ), అజ్ఞానకాలపు అరబ్బులు ఈ పెంపును ఎలా చేసేవారో ఇబ్నె జైద్ ద్వారా అందిన ఒక ఉల్లేఖనాన్ని నమోదు చేశారు. బాకీ ఒంటె రూపంలో ఉంటే, గడువు నాటికి తీర్చలేనివాని మీద ఒంటె వయస్సు పెంచేవారు. ఏడాది నిండిన బింతె మఖాజ్ ఇవ్వవలసినవాడు మరుసటి ఏడు రెండేళ్ళు నిండిన బింతె లబూన్ ఇవ్వాలి. అప్పటికీ చేతకాకపోతే మూడేళ్ళ హిఖ్ఖా, ఆపైన నాలుగేళ్ళ జజఆ. బాకీ నగదు రూపంలో ఉంటే మాత్రం పద్ధతి వేరు. నూరు ఇవ్వలేనివాడు వచ్చే ఏడు రెండు వందలు ఇవ్వాలి. అదీ కుదరకపోతే ఆ వచ్చే ఏడు నాలుగు వందలు.

జకాత్ అధ్యాయం చదివిన విద్యార్థికి ఈ ఒంటెల పేర్లన్నీ కంఠస్థమే. అందుకే వారికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఒంటె వయస్సు 1, 2, 3, 4 అని ఏటా ఒకటి చొప్పున పెరిగింది. నగదు 100, 200, 400, ఆపైన 800 అని ఏటా రెండింతలైంది. మొదటిది కూడిక, రెండవది గుణకారం. ఎప్పటి ఉల్లేఖనమో, రెండు రకాల వృద్ధినీ పక్కపక్కన చూపిస్తున్నది. ఒంటె విలువ దాని వయస్సుతోపాటు సమానంగా పెరగదు కదా అని ఒక చురుకైన విద్యార్థి అడిగాడు. అతను అన్నది నిజమే. ఇక్కడ మనం లెక్కించేది వయస్సునే.

ఇమామ్ మాలిక్ (రహ్మ) 'ముఅత్తా'లో జైద్ బిన్ అస్లమ్ చెప్పిన వివరణ కూడా దీనికి తోడు చదవాలి. గడువు రాగానే అప్పిచ్చినవాడు వచ్చి, తీరుస్తావా, పెంచమంటావా అని అడిగేవాడట. తీర్చగలిగితే సరే. లేకపోతే బాకీ పెరిగేది, గడువు జరిగేది. ఈ మాట గుర్తుంచుకొని మన ఊళ్ళకు రండి.

కొన్నేళ్ళ క్రితం ఎనిమిదవ తరగతి వయస్సున్న మా విద్యార్థి ఒకడు పాఠం అయ్యాక నా దగ్గర నిలబడ్డాడు. "ఉస్తాద్, మా అబ్బా 20,000 తీసుకున్నారు. రెండు రూపాయల వడ్డీ. ఆరేళ్ళయింది. మీరు చెప్పినట్టు కడితే వడ్డీ 28,800, మొత్తం 48,800 రావాలి. వాళ్ళు 59,168 అంటున్నారు. నా లెక్క ఎక్కడ తప్పింది?" అన్నాడు. వాడి లెక్క ఎక్కడా తప్పలేదు. నేను వాడి మామూతో కలిసి అప్పిచ్చిన పెద్దమనిషి దగ్గరకు వెళ్ళాను. ఆయన కూడా మా మసీదులో మాతోపాటు సఫ్‌లో నిలబడేవారే. దురుసుగా మాట్లాడలేదు. కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, రెండు నోట్లూ ముందు పెట్టారు. "చూడండి హజ్రత్, చక్రవడ్డీ అన్న మాట ఎక్కడైనా ఉన్నదా?" అన్నారు. లేదు. రెండు నోట్లలోనూ నూటికి నెలకు రెండు రూపాయలన్న మాట ఒక్కటే ఉంది.

జరిగింది ఏమిటంటే, ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి చట్టప్రకారం మూడేళ్ళ గడువు. అది దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. అందుకని మూడేళ్ళు నిండే ముందు పాత నోటు చింపి కొత్తది రాయించుకోవడం మన ప్రాంతాలలో ఆనవాయితీ. మూడేళ్ళకు 20,000 మీద 14,400 వడ్డీ అయింది. కొత్త నోటులో అసలు అన్నచోట 34,400 అని రాశారు. పిల్లవాడి తండ్రి సంతకం చేశాడు. ఆ క్షణాన 14,400 వడ్డీ అసలుగా మారిపోయింది. తరువాతి మూడేళ్ళు దానిమీద కూడా వడ్డీ నడిచింది. 14,400 మీద మూడేళ్ళ వడ్డీ 10,368. పిల్లవాడి లెక్కకూ, వారి లెక్కకూ ఉన్న తేడా సరిగ్గా అంతే. ఆ పెద్దమనిషి చివరికి 50,000కు ఒప్పుకొన్నారు, వాయిదాల మీద.

దీనిని బల్ల మీద గీసి చూపిస్తే విద్యార్థులు చాలాసేపు నిశ్శబ్దంగా ఉంటారు. మళ్ళీ మన 10,000 తీసుకోండి. మూడేళ్ళకోసారి నోటు తిరగరాస్తే 17,200, 29,584, 50,884, పన్నెండేళ్ళకు 87,521. తిరగరాయకుండా ఉంటే పన్నెండేళ్ళకు 38,800 మాత్రమే. మూడేళ్ళ మధ్యలో ఏ ముక్క తీసుకొని చూసినా అది స్కేలుతో గీసినంత తిన్నని గీతే. మొదటి మూడేళ్ళు ఏటికి 2,400 చొప్పున ఎక్కుతుంది. తరువాతి మూడేళ్ళు ఏటికి 4,128. ఆ తరువాత 7,100. ఆపైన 12,212. గీత ముక్కలన్నీ తిన్ననివే, వాటిని కలిపిన మొత్తం ఆకారం మాత్రం వంపు. ఆ వంపు వడ్డీ రేటులో ఎక్కడా ఉండదు, నోటు తిరగరాసిన తేదీలలో ఉంటుంది. తీర్చడమా, పెంచడమా అని అడిగిన అజ్ఞానకాలపు అరబ్బు కూడా గడువు రోజుననే అడిగాడు.

ఈ కిటుకు పాత శాసనకర్తలకు తెలియనిది కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, రాజాజీ ప్రభుత్వం 1938లో రైతుల రుణభారం తగ్గించే చట్టం తెచ్చింది. పత్రాన్ని కొత్తగా తిరగరాసి ఉన్నా, మొదట చేతికిచ్చిన సొమ్మునూ, తరువాత నిజంగా ఇచ్చినదానినీ మాత్రమే అసలుగా లెక్కించాలని అందులో ఉంది. అసలుకు రెండింతలు ఇప్పటికే ముట్టి ఉంటే బాకీ తీరినట్టేనని కూడా ఉంది. లెక్క తెలిసినవారు రాసిన చట్టమని చదివితే అర్థమవుతుంది.

నేటి పట్టణ యువకులకు నోటు తిరగరాయడం నెలకోసారి జరుగుతున్నది, అదీ సంతకం అవసరం లేకుండా. కట్టని క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అని వారు అనుకుంటారు. నెలనెలా వడ్డీ అసలులో కలుస్తూ పోతే 100 రూపాయలు ఏడాదికి 142 రూపాయల 58 పైసలవుతుంది. ఫోనులో అప్పులిచ్చే యాప్‌ల సంగతి దీనికన్నా అధ్వాన్నం. దాని గురించి వేరుగా రాయవలసి ఉంది.

ఇప్పటికే అప్పులో ఉన్నవారికి ఒక మాట. వడ్డీ అప్పు జోలికే పోవద్దని చెప్పడం నా విధి, అది చెబుతూనే ఉంటాను. కాని ఇరుక్కున్నవానికి ఆ మాట ఒక్కటే చెప్పి పంపలేము. గడువు దగ్గరపడినప్పుడు నోటు తిరగరాయడం ఒక్కటే మార్గమన్నది నిజం కాదు. గడువు లోపల, ఎంత చిన్న మొత్తమైనా కట్టి, నోటు వెనుక తేదీతో చెల్లు వేసి సంతకం చేస్తే ఆ రోజునుండి మళ్ళీ మూడేళ్ళు లెక్కకు వస్తుంది. అప్పిచ్చినవాని హక్కు పోదు, అసలు కూడా పెరగదు. తిరగరాయక తప్పని పరిస్థితే వస్తే, అసలు ఇంత, ఇప్పటివరకు అయిన వడ్డీ ఇంత అని రెండింటినీ వేరువేరుగా రాయించండి, ముందు నడిచే వడ్డీ మొదటి అసలు మీదనేనని కూడా రాయించండి. ఇంట్లో తొమ్మిదవ తరగతి చదివే అమ్మాయి ఉంటే ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. లెక్క ఆమె చూస్తుంది.

ఇంత చెప్పాక కొందరు ఒక వాదం తెస్తారు. ఖుర్ఆన్ రెట్లకు రెట్లు పెరిగేదానినే నిషేధించింది గనుక బారువడ్డీ ఫరవాలేదని. ఈ వాదం నిలవదు. అల్ బఖరా సూరా 278, 279 ఆయతులలో మిగిలిన వడ్డీని వదిలివేయమన్న ఆజ్ఞ ఉంది, పశ్చాత్తాపపడేవారికి వారి అసలు సొమ్ము మాత్రమే చెందుతుందన్న స్పష్టీకరణ ఉంది. అక్కడ తిన్నని గీతకూ, వంపుకూ తేడా చూపలేదు. అరఫాత్ మైదానంలో అంతిమ హజ్ సందర్భంగా దైవప్రవక్త (స) అజ్ఞానకాలపు వడ్డీ యావత్తునూ రద్దుచేస్తూ, మొట్టమొదట తన పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)కు రావలసిన వడ్డీనే రద్దుచేశారు. అది ఏ రకం వడ్డీ అన్న విచారణ చేయలేదు. ఫిఖహ్ అలా ఉండగా, లెక్క కూడా ఆ వాదానికి సహాయపడదు. బారువడ్డీ బారువడ్డీగా ఉండేది తీర్చగలిగినవాని దగ్గరే. తీర్చలేనివాని దగ్గర అది మూడేళ్ళలో చక్రం తిరగడం మనం పైన చూశాము. వంపు ఎప్పుడూ పేదవాని కాగితం మీదనే కనిపిస్తుంది. తరువాతి 280వ ఆయతు బాకీదారుడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువు ఇమ్మంటుంది. అరబ్బు బాకీ పెంచి గడువు ఇచ్చాడు. ఆయతు ఏదీ పెంచకుండా గడువు ఇమ్మంటున్నది.

గుణకారం మీద పిల్లలకు భయం కలిగించి వదిలిపెట్టకూడదు. అందుకని పాఠం చివర జకాత్ లెక్క చేయిస్తాను. అది కూడా ఘాతీయ వక్రమే, తలకిందులుగా. 10,00,000 రూపాయలను ఏ వ్యాపారంలోనూ పెట్టకుండా పెట్టెలో దాచి ఏటా రెండున్నర శాతం జకాత్ ఇస్తూ పోయాడనుకోండి. మొదటి ఏడు 25,000. చాలామంది ఏటా 25,000 చొప్పున పోయి 40 ఏళ్ళకు పెట్టె ఖాళీ అవుతుందనుకుంటారు. అది కూడిక మనస్సు చేసే ఊహ. రెండవ ఏడు జకాత్ మిగిలిన 9,75,000 మీద మాత్రమే, అంటే 24,375. పదేళ్ళకు సుమారు 7 లక్షల 76 వేలు, 40 ఏళ్ళకు సుమారు 3 లక్షల 63 వేలు మిగులుతుంది. తగ్గినకొద్దీ తగ్గుదల కూడా తగ్గుతుంది, నిసాబ్ కిందికి పడితే ఆగిపోతుంది. ఇచ్చేవాని శక్తిని చూసుకుంటూ నడిచే లెక్క ఇది. అయినా కదలని సొమ్ము కరుగుతూ పోవడం ఖాయం. యతీముల సొమ్మును వ్యాపారంలో పెట్టండి, లేకపోతే జకాత్ దానిని తినివేస్తుందన్న భావం గల మాట హజ్రత్ ఉమర్ (రజి)దిగా ముఅత్తాలో ఉంది. మన హనఫీ మజ్హబులో మైనరు పిల్లల నగదు మీద జకాత్ విధి కాదు. ఆ చర్చ వేరు. లెక్క మాత్రం ఉమర్ (రజి) గారు చూసినట్టే ఉంటుంది.

ఈ నెల పిల్లలకు ఇంటిలెక్క. ఒక తల్లి కూతురి చదువుకోసం 5,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. నాలుగేళ్ళు ఏమీ కట్టలేకపోయింది. మొదటి ప్రశ్న, నోటు తిరగరాయకపోతే బాకీ ఎంత? రెండవది, ఏటేటా తిరగరాస్తే ఎంత? మూడవది, ఆ తేడాలో వడ్డీ మీద వడ్డీ ఏ ఏడాదికి ఎంత? నాలుగవది, అదే 5,000ను మొహల్లా కమిటీ ఖర్జె హసన్‌గా ఇచ్చి, నెలకు 200 చొప్పున తీసుకుంటే ఎన్ని నెలల్లో తీరుతుంది? నాలుగూ గళ్ళ కాగితం మీద గీయండి. సమాధానాలు వచ్చే సంచికలో.